కడుపులోని గాలి

కడుపునొప్పి యనగానే మన యిండ్లలో మొదట వినవచ్చు మాట "గ్యాసు". వెంటనే వాము, ఇంగువ, సోడా సిద్ధమగును, తగ్గనిచో ఆముదము. పలుమాఱులు వీనితోనే నిమ్మళించును గనుక ఆ మాటయందు మనకు నమ్మకము కుదిరినది. కాని గాలి యుండవలసినచోట నుండుట వేఱు, ఉండరానిచోట నుండుట వేఱు. ఈ భేదమును గృహిణులు కొంతయైన నెఱిగియుండుట మేలని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సమానవాయువునకు నాభి స్థానమని మేము బాల్యమున చదువుకొంటిమి. వైద్యులు ఎక్సురే పటమున జూచునది మనము మ్రింగిన గాలియు, ప్రేగులలో బుట్టిన వాయువును. 1895లో జర్మనీ దేశమున రాంట్‌జెన్ పండితుడు కనుగొనిన యీ కిరణములను ఎముక యడ్డగించును, గాలి సులువుగా బోనిచ్చును. అందుచే ఎముక తెల్లగను, గాలి నల్లగను గానవచ్చును. జీర్ణకోశపు పైభాగమున, ఎడమవైపున, నొక నల్లని బుడగయు, పెద్దప్రేగులో అక్కడక్కడ గాలియు నుండుట సహజమే.

అసహజమైనది ముఖ్యముగా రెండు తెఱగులు. ప్రేగున కడ్డు పడినప్పుడు గాలి ముందునకు బోజాలక వెనుకభాగము నుబ్బించును. వెడల్పు చిన్నప్రేగున 3, పెద్దప్రేగున 6, దాని మొదటి సంచియందు 9 సెంటీమీటర్లు మీఱినచో వైద్యులు ఉబ్బుగా నెంతురు.

రెండవది మఱింత ప్రమాదకరము. జీర్ణకోశపు పుండుగాని, టైఫాయిడు జ్వరమున ప్రేగునగల పుండుగాని చిల్లిపడినచో గాలి వెలుపలికి వెడలును. నీట ముంచిన చెంబునుండి బుడగ పైకి వచ్చునట్లు, మనిషి నిటారుగా నున్నప్పుడు ఆ గాలి పైకెక్కి, ఱొమ్మునకు కడుపునకు నడిమి పొరక్రింద, కాలేయముపై సన్నని నల్లని నెలవంకవలె నిలుచును. కడుపునొప్పికి ఱొమ్ముపట మేల యని విసుగుకొనరాదు. ఆ నెలవంక కొఱకే కొన్ని నిమిషములు కూర్చుండబెట్టి తీయుదురు. కూర్చుండలేనివారిని ఎడమప్రక్కకు పరుండబెట్టుదురు. నెలవంక లేనంతమాత్రమున చిల్లి లేదనరాదు. సీటీ స్కాను మఱింత స్పష్టముగా జూపును. కడుపునకు శస్త్రచికిత్స జరిగిన కొలదిదినములు మాత్రము ఇట్టి గాలి యుండుట కద్దు.

మా వీథిలో కీళ్ళనొప్పులకు బిళ్ళలు వాడుచుండిన పెద్దముత్తయిదువ కొకనాటి వేకువను కత్తితో బొడిచినట్లు నొప్పి వచ్చెను. కడుపు చెక్కవలె బిగిసెను. కోడలు ఆముదము కలుపబోగా కొమార్తె వారించి, వెంటనే అమలాపురమునకు గొనిపోయెను. పటమున నెలవంక కనబడెను. ఆ దినమే శస్త్రము చేసిరి. ఆమె బ్రదికెను. అట్టి బిళ్ళలు జీర్ణకోశమున పుండు పుట్టింపగలవని చాలమందికి దెలియదు.

కావున, సోదరీమణులారా! నొప్పి హఠాత్తుగా వచ్చి కడుపు గట్టిపడినను, ఉబ్బి వాంతులై మలవాయువులు బంధించినను ఆహారముగాని ఆముదముగాని యీయక, ఎనిమాయు జేయక, వైద్యశాలకు బోవలెను. వృద్ధులకు కడుపు గట్టిపడకయే చిల్లి యుండవచ్చును. వాడుచున్న బిళ్ళలన్నియు వైద్యునకు జెప్పవలెను. గర్భమున్నచో పటమునకు ముందే తెలుపవలెను. మా ముక్తేశ్వరము రేవున వరదనాళ్ళలో పంటు నిలిచిపోవును. కోటిపల్లివైపు దారి మూయబడును. ఏ దారిన బోవలయునో ముందే తలచియుంచుకొనుట మంచిది.

వంట ముగియువఱకు, మగవారు బడినుండి వచ్చువఱకు నొప్పి నోర్చుకొనుట మనలో సద్గుణముగా నెంచబడుచున్నది. ఈ నొప్పియెడ మాత్రము ఓర్పు సద్గుణము గాదు.