చేతులు కట్టుకుని

విశాఖలో మా ఇంటికి సముద్రం నడిచి వెళ్లేంత దూరం. అయినా ముందు గదిలోని 300 లీటర్ల తొట్టికి సముద్రాన్ని నేనే కలుపుకుంటాను. ఆర్వో నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ప్యాకెట్ ఉప్పు వేసి, రాత్రంతా మోటారుతో తిప్పి, తెల్లవారి రిఫ్రాక్టోమీటరులో చూస్తే 1.025 కనిపించాలి. సముద్రం పక్కన కాపురముండి ఉప్పు కొనుక్కోవడం చూసేవారికి వింతే. కానీ ఒడ్డు నీటిలో బురదా, ఊరి కాలువల మురుగూ ఉంటాయి. నా చేపలు పగడపు దిబ్బల దగ్గరి నీటికి అలవాటుపడ్డ జాతులు. అలాంటి దిబ్బలు మన తీరాన పెరగలేదు. గోదావరీ కృష్ణా మోసుకొచ్చే ఒండ్రుమట్టి, మంచినీరు పగడాలకు సరిపడవు. మన పొలాలను పచ్చగా ఉంచిన నదులే మన సముద్రానికి పగడాలను దక్కనివ్వలేదు.

తొట్టి పెంపకమంటే చేతిపని. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. కనుక రోజూ మంచినీరు పోయాలి. అద్దం మీది నాచు గీకాలి, స్కిమ్మర్ కప్పు కడగాలి, వారానికోసారి 30 లీటర్లు తీసి కొత్త నీరు నింపాలి. ఇవి తప్పనివి. తప్పేవి కూడా చేస్తూ ఉంటాను. ఎడమ మూల రాయిని కొంచెం ముందుకు జరిపితే నీటి వాలు బాగుంటుందేమోనని ఎనిమిదేళ్లలో దాన్ని ఎన్నిసార్లు కదిలించానో. నిద్రపోతున్న బిడ్డ దుప్పటిని తల్లి సర్దుతూనే ఉంటుంది. ప్రేమ ఉన్నచోట చేయి ఊరుకోదు.

నిరుడు చలికాలంలో స్కూబా నేర్చుకోవడానికి అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లాను. అందరి నోట ఇంకా హావ్‌లాకే. నేర్పినవాడు పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టిన తెలుగు కుర్రాడు, తాతలది శ్రీకాకుళం వైపు. మొదటి రోజు నేను నీటిలో రెండు చేతులూ ఆడిస్తూ మునిగీ తేలీ అలసిపోయాను. పైకి వచ్చాక అతను అన్నది ఒక్కటే: “సార్, చేతులు కట్టుకోండి. ఊపిరితో వెళ్లండి.”

నిజంగానే అక్కడ ఊపిరే చుక్కాని. బరువు సరిగ్గా కుదిరాక నిండుగా గాలి పీలిస్తే మనిషి ఒక మూర పైకి లేస్తాడు, వదిలితే దిగుతాడు. ప్రాణాయామం ఎరిగినవాడికి పూరకమూ రేచకమూ పాత చుట్టాలే. కుంభకం మాత్రం నీటి కింద మొదటి నిషేధం. పైకి వస్తున్నప్పుడు నీటి ఒత్తిడి తగ్గి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బిగబట్టిన ఊపిరి ఊపిరితిత్తులనే చీల్చగలదు. నేల మీద సాధన అనిపించుకున్నది అక్కడ ప్రమాదం. చేతులకు మాత్రం అక్కడ ఏ పనీ లేదు.

పని లేని చేతులతో చూస్తే దిబ్బ వేరుగా కనబడింది. చిలక చేపల గుంపొకటి బండల మీద నాచును పళ్లతో గీకుతోంది. ఆ పరపరమనే చప్పుడు నీటిలో స్పష్టంగా వినిపిస్తుంది. అవి కొరికి మింగిన సున్నపురాయి పొట్టలో నలిగి తెల్లని ఇసుకగా బయటికి వస్తుంది. అందరూ ఫొటోలు తీసుకునే ఆ ద్వీపాల తీరాల్లో ఆ ఇసుక పాలు తక్కువేమీ కాదు. పగడాన్ని కొరికే చేపను తొట్టిలో ఎవరూ పెట్టరు. దిబ్బ మీద ఆ గీకుడు ఆగితే నాచు కమ్మేస్తుంది, పగడం పిల్లకు రాతి మీద కాలూనే చోటు ఉండదు.

కొంచెం దిగువన, బండ నీడలో, మూరెడు గ్రూపర్ చేప నోరు తెరిచి కదలకుండా నిలబడి ఉంది. వేలెడంత నీలి చారల క్లీనర్ రాస్ దాని పళ్ల మధ్య తిరుగుతూ పరాన్నజీవులను ఏరుకు తింటోంది. వెనుక మరో రెండు చేపలు వంతు కోసం ఆగాయి. నేనూ ఆగిపోయాను. అయిదేళ్ల కిందట అలాంటి రాస్‌నే కొని తెచ్చాను. లవణత, క్షారత, నైట్రేటు అన్నీ సరిగ్గా ఉన్నాయి. అది రెండు నెలల్లో చిక్కి చచ్చిపోయింది. నీటిలో తప్పు వెతుకుతూ చాలా రోజులు గడిపాను. ఆస్ట్రేలియా దిబ్బల మీద లెక్కగట్టినవారు ఒక్క రాస్ రోజుకు 2000కు పైగా చేపలను పరీక్షిస్తుందని తేల్చారు. నా తొట్టిలో ఉన్నవి ఏడు. నేను దానికి నీరు ఇచ్చాను, ఊరు ఇవ్వలేదు.

ఆ రోజే నా ఎత్తున్న పోరైటిస్ పగడపు గుండు ఒకటి చూశాను. అది ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన, ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయిన 1852 ప్రాంతంలో అది గోళీకాయంత ఉండి ఉంటుంది. మరో రెండేళ్లకు, 1854లో, ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఆంగ్ల ప్రకృతి పరిశోధకుడు ‘ది అక్వేరియం’ పుస్తకం వేశాడు. ఆ మాట ఇంటింటికీ చేరింది. రాళ్ల మధ్య నిలిచిన సముద్రపు మడుగులను గాస్ ప్రాణంగా చూసేవాడు. ఆయన పుస్తకాలు చదివి ముగ్ధులైన జనం బుట్టలు పట్టుకుని తీరానికి వెళ్లారు, ఆ మడుగులు బోసిపోయాయి. తన రాతలే అందుకు కారణమయ్యాయని ఆయన పడ్డ బాధను కొడుకు ఎడ్మండ్ 1907లో వెలువడిన ఆత్మకథలో నమోదు చేశాడు. మా అభిరుచికి పెద్దదిక్కు లాంటి మనిషి ఆయన. ఆ బాధ కూడా మాకు వారసత్వమే.

మన దేశం 2001లో దిబ్బలు కట్టే పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చి పులి సరసన నిలబెట్టింది. మంచి పని. నా తొట్టిలోవి పింగాణీ రాళ్లు. క్లౌన్ చేపల జంట హేచరీలో పుట్టింది. కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు వాటి చేత పిల్లలు పెట్టించే పద్ధతిని ఏనాడో సాధించారు. ఇన్ని ఏర్పాట్లున్నా దిబ్బకు చేయి తగలడం ఆగలేదు. వేసవి గరిష్ఠం కన్నా నీరు ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం తనలో కాపురముండి అన్నం పెట్టే సూక్ష్మ శైవలాలను వెళ్లగొట్టి తెల్లబోతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో అదే జరిగింది. మే నెలలో మా తొట్టి వేడెక్కితే చిల్లర్ వేసి 26కు దింపుతాను. ఆ చిల్లర్ తీసిన వేడి గదిలోకి, గది ఏసీ తీసిన వేడి వీధిలోకి పోతుంది. వీధి దాటాక అది ఎక్కడికి పోతుందో ఆ గుండు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది. ముట్టుకోకుండా కూడా ముట్టుకోవచ్చు.

పదకొండు రోజుల తర్వాత ఇంటికి వచ్చాను. పక్కింటి అమ్మాయి రోజూ మంచినీరు పోసి మేత వేసింది. చేపలు ఏడూ బాగున్నాయి. అద్దం గీకాను, స్కిమ్మర్ కప్పు కడిగాను. ఎడమ మూల రాయి ఉన్నచోటే ఉంది.