గట్టుకి అటూ ఇటూ

దాళ్వాకి నీళ్ళు చాలకపోతే గోదావరి పల్లెల్లో కక్షలెలా పుడతాయో తెలిసినవాళ్ళకి మా కథ సగం తెలిసినట్టే. బోదెకి ఎగువన వాళ్ళ చేను, చివర మాది. మా వంతు రాత్రి వాళ్ళు అడ్డుకట్ట వేసేవారు. నాన్న పోయాక పార పట్టుకుని నేనే వెళ్ళాను. అటు కాపలాకి తనొచ్చేది. రెండు దాళ్వాలు నోటికొచ్చినట్టు తిట్టుకున్నాం. తెల్లవార్లూ ఒకే గట్టు మీద కూర్చుంటే శత్రువులకైనా చలి ఒకటే కదా! ఒకరాత్రి ఫ్లాస్కులో టీ నావైపు జరిపింది. ఆ తర్వాత మా వంతుకి అడ్డుకట్ట పడలేదు.

ఇప్పుడు న్యూజెర్సీలో మేం దంపతులం. 2015 జూన్‌లో ఇక్కడి సుప్రీంకోర్టు దేశమంతటా ఇలాంటి పెళ్ళిళ్ళకి హక్కునిచ్చింది. మన దేశంలో 2018లో మా ప్రేమ నేరం కాదన్నారు. 2023లో పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేమన్నారు.

ఊరెళితే, "ఆ రెండిళ్ళూ భలే కలిసిపోయాయే!" అని అందరూ సంతోషిస్తారు. తగువులాడుకునే ఆడవాళ్ళ గురించి చెప్పడానికి ఊళ్ళో వంద మాటలున్నాయి. మా గురించి చెప్పడానికి "స్నేహితురాళ్ళు" ఒక్కటే. అది మాకు చాలదు.

ఫోన్ చేస్తే అమ్మ ముందు తననే పలకరిస్తుంది, "ఏం కోడలా, అన్నం తిన్నావా?" అని. పక్కింటి పిల్ల కాబట్టి వరసకి అంటోందో, తెలిసే అంటోందో! ఈసారి వెళ్ళినప్పుడు అడగాలి.