బెదురుగొడ్డు

సంచికకు ఏదన్నా రాసియ్యమని అడిగినప్పుడు నిరుద్యోగం మీద రాద్దామా, సైన్సూ మూఢనమ్మకాల మీద రాద్దామా అని రెండు రోజులు ఆలోచించినాను. ఆ రెండూ రాసేవాళ్లు మన కాలేజీలో కావలసినంత మంది ఉన్నారు. నాకు బాగా తెలిసింది గొడ్లు. అందుకని, ఆసుపత్రి పేరు చెబితే బెదిరే గొడ్డును గురించి రాస్తున్నాను. హాస్టలు మిత్రులు నవ్వుతారు. నవ్వనీ. వాళ్లలో సగం మంది ఫీజులు గొడ్ల మీద నుంచి వచ్చినవే.

మన అనంతపురం సీమ సంగతి అందరికీ తెలిసిందే. నైరుతి మబ్బును పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యం మబ్బు సముద్రం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతుంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ కురిసే నేల ఇది, అదీ అదునుకు కురిస్తే. వేరుశనగ పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది పాలో, గొర్రెలో, లేదంటే బాడుగకు పోయే ఎద్దుల కాడో. మాకు గొర్రెలు లేవు. ఒక ఆవు, ఒక కాడి ఎద్దులు, చేనికి కాపలా ఒక కుక్క.

ఎద్దులు హళ్ళికార్ జాతివి. నాయన ఘాటి సుబ్రహ్మణ్యం పరసలో అప్పు చేసి తెచ్చినాడు. కర్రెద్దు సాధువు. మైలెద్దుతోనే మా కథంతా. పశువుల ఆసుపత్రుల ముందర ఇనుప పైపులతో కట్టిన చట్రం ఉంటుంది చూడండి, డాక్టర్లు ట్రెవిస్ అంటారు, మేము బోను అంటాము. గొడ్డును అందులోకి తోలి వెనకా ముందూ కడ్డీలు అడ్డం వేస్తే కదలకుండా నిలబడుతుంది. మూడేండ్ల కిందట అట్లాంటి ఒక బోనులోనే మైలెద్దు కాలుజారి పడింది. కొమ్ము కడ్డీల మధ్య ఇరుక్కుని పైపొర ఊడొచ్చింది. అప్పటినుంచి మందు వాసన తగిలితే చాలు, పలుపు తెంపుకునేది.

గాలికుంటుకు ఆరునెలలకొకసారి ఉచితంగా టీకా వేసే కేంద్ర పథకం 2019లో మొదలయింది. ఊళ్లో టీకాల రోజు వస్తే నాయన కర్రెద్దునూ ఆవునూ తోలుకుపోయి, మైలెద్దును చేన్లోనే కట్టేసేవాడు. "సూది లేకుంటే రోగం వస్తే వస్తాది, రాకుంటే లేదు. కాలిరిగితే మాత్రం కాడి పోయినట్టే గదరా" అనేవాడు. ఆ లెక్కలో తప్పు పట్టడం నేను చదివిన స్టాటిస్టిక్సుకు కూడా కాలేదు. అయితే నిరుడు పక్క ఊళ్లో గాలికుంటు కనబడింది. నోట్లో, గిట్టల సందుల్లో పుండ్లు పడి గొడ్లు సొంగ కారుస్తూ నిలబడినాయి. ఆ రోగం చాలావరకు ప్రాణం తీయదు. కానీ బతికి బయటపడిన ఎద్దుల్లో కొన్ని తర్వాత ఎండకు తట్టుకోలేవు, నాలుగు సాళ్లు దున్నితే రొప్పుతాయి. మన ఎండల్లో రొప్పే ఎద్దు ఎవరికి కావాలి?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక సాయంత్రం, ఆసుపత్రిలో ఎవరూ లేనప్పుడు, నేనే ఆ బోనులో దూరినాను. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పశుశాస్త్రం బోధించే టెంపుల్ గ్రాండిన్ అనే ఆమె ఇట్లాగే చేసేదని చదివినాను. గొడ్లు ఎందుకు ఆగిపోతున్నాయో తెలియాలంటే వాటి కంటి ఎత్తున నిలబడి చూడాలంటుంది ఆమె. వేలాడే గొలుసు, కంచె మీద వేసిన కోటు, నేల మీద నీడ, ఇవి చాలట వాటి కాళ్లు నిలిచిపోవడానికి. నేను ఎద్దు తల ఎత్తుకు వంగి నడిచినాను. ఎదురుగా వరండాకు కట్టిన నీలం పట్ట గాలికి టపటపలాడుతోంది. కడ్డీకి తగిలించిన గొలుసు చప్పుడు. కుళాయి కింద నీళ్లు నిలిచి పడమటి ఎండకు కళ్లల్లోకి మెరుస్తున్నాయి. నిలబడి పోయేవాడికి ఇవేవీ లెక్కలోకి రావు.

గొడ్డు కన్ను పక్కకు ఉంటుంది గనుక తల తిప్పకుండానే దాదాపు చుట్టూరా చూస్తుంది. సరిగ్గా తోక వెనక మాత్రం దానికి కనబడదు. మనం ఆ కనబడని చోట నిలబడే చర్నాకోలతో కొడతాము. ముందర మెరిసేదేమిటో దానికి తెలియదు, వెనక కొట్టేదెవరో తెలియదు. దాన్ని మనం మొండిది అంటాము! మనకు వినబడని సన్నని శబ్దాలు కూడా దాని చెవికి వినబడతాయి. మనం కేకలు వేసేకొద్దీ అది ఇంకా బిగుసుకుపోతుంది. ఒకసారి బాగా బెదిరిన గొడ్డు గుండె నెమ్మదించడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుందట. మనవాళ్లకు ఐదు నిమిషాల ఓపిక ఉంటే గొప్ప.

డాక్టరు మంచివాడు. అడిగితే పట్ట విప్పించినాడు, గొలుసుకు గుడ్డ చుట్టించినాడు, నేల మీద ఇసుక పోయించినాడు. మిగతా పని ఇంట్లోనే. మా అవ్వకు ఏ గ్రాండిన్ తెలియదు గానీ, గంగడోలు గోకుతూ మాట్లాడితే ఎద్దు కళ్లు సగం మూస్తుందని ఆమెకు ఎప్పుడో తెలుసు. ఆమె గోకుతుంటే నేను మెడ మీద పెన్ను మూతతో గుచ్చినట్టు ఒత్తి, వెంటనే బెల్లంముక్క పెట్టేవాణ్ని. నాలుగు రోజులకు పెన్ను కనబడితే నాలుక చాపడం మొదలుపెట్టింది. తర్వాత రోజూ సాయంత్రం కర్రెద్దును ముందు, దీన్ని వెనక ఆసుపత్రికి తోలుకుపోయి, బోనులో వేరుశనగ కట్టె వేసి, కడ్డీలు వేయకుండా మేపి తీసుకొచ్చినాను. "ఎద్దును సినిమాకు తీసకపోతాండావా రోజూ?" అన్నాడు నాయన. ఊరంతా అదే మాట పట్టుకుంది.

టీకా రోజు మైలెద్దు బోను ముందర ఆగింది. నేలను వాసన చూసింది. ఎవరూ అరవలేదు, కొట్టలేదు. కర్రెద్దు బయటికి పోతుంటే దాని వెంబడి తనే లోపలికి వచ్చింది. పలుపు జారుముడి వేసినాము, పడితే ఒక్క లాగుకు ఊడిపోయేట్టు. సూది దిగినప్పుడు కాలు నేలకేసి కొట్టింది, పేడ వేసింది, అంతే. నాయన ఏమీ అనలేదు. ఇంటికి వచ్చినాక దాని కొమ్ముకు నూనె రాసినాడు.

కుక్క సంగతి సులువే అనుకున్నాను, కాలేదు. రేబిస్ టీకా ఏడాదికొకసారి తప్పదు. కుక్క ఆసుపత్రికి బెదిరేదానికంటే అక్కడికి వచ్చిన వేరే కుక్కలకు బెదురుతుంది. దాని గోనెపట్టనే తీసుకుపోయి చింతచెట్టు కింద పరిచి, మా వంతు వచ్చేదాకా దూరంగానే కూర్చోబెట్టినాను. తన వాసన ఉన్న పట్ట మీద అది కొంత నెమ్మదిగా ఉంది. టౌనులో మేడల్లో పమేరియన్లను పెంచే మిత్రులకు కూడా ఇది పనికొస్తుంది. వాళ్లకు ఇంకొక మాట. పగలంతా గొలుసుకు కట్టేసిన కుక్క కాపలాకు మొరగదు, విసుగుకు మొరుగుతుంది. అవ్వ సద్దరొట్టె ముక్కలు కట్టెవామి చుట్టూ దాచేది. ముక్కుతో వెతుక్కుంటూ దానికి గంట గడిచిపోయేది.

ఎద్దులకూ విసుగుంటుంది. చేన్లో పని లేని కరువు ఎండాకాలంలో గాటిపాట్లో నిలబడి నిలబడి పలుపును నాకుతుంటాయి. మేత ఎట్లాగూ తక్కువే, కాబట్టి ఉన్నదాన్నే నాలుగు మార్లు వేస్తే పూటంతా ఒక పని ఉంటుంది. ఒళ్లు రుద్దుకోవడానికి కొట్టం పక్క ఒక వేపమొద్దు పాతినాము. సాయంత్రం ఎండిన చెరువులోకి తోలితే గడ్డి లేకపోయినా నేల వాసన చూసుకుంటూ తిరుగుతాయి.

1962కు ఫోను చేస్తే వైద్యం చేసే బండి ఊళ్లోకే వచ్చే ఏర్పాటు మన రాష్ట్రంలో 2022లో మొదలయింది. మంచిదే. హారను కొట్టకుండా, కొట్టానికి కొంచెం దూరంగా నిలిపితే ఇంకా మంచిది.

ఈ ఏడు కూడా వాన మొహం చాటేసింది. ఉగాది దాటినాక ఎద్దుల్ని పరసకు తోలాలని నాయన అంటున్నాడు. మైలెద్దును ఎటు పక్కనుంచి తాకాలో, ఎక్కడ గోకాలో, బెల్లం ఎప్పుడు పెట్టాలో కొనేవాడికి ఇవ్వడానికి ఒక కాగితం మీద రాసి పంపినాను. నాయన ఫోను చేసినాడు.

"కాగితం చూసి ఎద్దును మేపేటోడు యాడుంటాడురా? నేనే నోటితో చెప్తాలే. వినేటోడికే అమ్ముతా" అన్నాడు.