అద్దం వెనుక నీరు



2019 వేసవిలో మా అమ్మాయి ఇంటికి అట్లాంటా వెళ్ళినప్పుడు జార్జియా అక్వేరియం చూడడం తటస్థించింది. చేపలను చూడడానికి ఇంత డబ్బు పోయాలా అని నా శ్రీమతి గొణిగింది. మా అల్లుడు నవ్వి ఊరుకోక, అదనంగా చెల్లించి తెర వెనుక భాగం చూపించే టిక్కెట్లు కూడా కొన్నాడు. మీతో చెప్పదలచిన విషయం ఆ తెర వెనుకదే.

ముందువైపు అందరూ చూసేది మేమూ చూశాము. రెండడుగుల మందం గల అక్రిలిక్ కిటికీ, దాని అవతల 63 లక్షల గ్యాలన్ల నీరు. మన లెక్కలో సుమారు రెండు కోట్ల 38 లక్షల లీటర్లు. ఆ నీలిమలో నాలుగు వేల్ షార్కులు నిదానంగా తిరుగుతున్నాయి. పేరులో వేల్ ఉన్నా అది తిమింగలం కాదు, సొరచేప. చేపలన్నిటిలోకీ పెద్దది. మన బంగాళాఖాతంలోనూ కనిపిస్తుంది. 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం దానికి పులితో సమానమైన రక్షణ కల్పించింది. మా మనుమరాలు ఆ అద్దానికి ముక్కు ఆనించి కదలనంది.

తరువాత మెట్లెక్కి ఆ తొట్టె పైభాగానికి వెళ్ళాము. అక్కడ అందం లేదు. ఇనుప వంతెనలు, దీపాలు, తేమ, ఉప్పు వాసన, ఎడతెగని యంత్రాల హోరు. సిబ్బంది చిన్న పడవలలో కూర్చుని పెద్ద గరిటెలతో క్రిల్ అనే సన్న రొయ్యల వంటి ఆహారాన్ని నీటిలోకి వంచుతుంటే, ఒక్కొక్క షార్కు తన పడవ వెంట నోరు తెరుచుకుని వస్తోంది. ఏది ఎంత తిన్నదో ఒకరు రాసుకుంటున్నారు. ఆ దృశ్యం చూడగానే వార్డులో రోగి మంచానికి వేలాడే చార్టు గుర్తొచ్చింది నాకు.

అట్లాంటాకు సముద్రం దాదాపు 400 కిలోమీటర్ల దూరం. ఇక్కడి సముద్రమంతా నగరపు కుళాయి నీటిలో లవణాలు కలిపి తయారుచేసుకున్నదే. కాబట్టి పారబోసి కొత్త నీరు పట్టడం కుదిరే పని కాదు. ఉన్న నీటినే శుద్ధి చేసి మళ్ళీ మళ్ళీ పంపాలి. చేపలు తమ శరీరంలోని అమ్మోనియాను మొప్పల ద్వారా నేరుగా నీటిలోకి వదులుతాయి. ఆ విషాన్ని ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగా, మరొక జాతి నైట్రేటుగా మారుస్తుంది. ఇసుక వడపోత మలినాన్ని పట్టుకుంటుంది. గాలి బుడగల గొట్టాలు కరిగిన మాంసకృత్తులను నురుగుగా పైకి తేలుస్తాయి. ఓజోన్ సూక్ష్మక్రిములను చంపుతుంది. మన ఒంట్లో ఈ చాకిరీలో పెద్ద వాటా కాలేయం, మూత్రపిండాలు చప్పుడు లేకుండా చేస్తున్నాయి. అవి మొరాయిస్తే ఏమవుతుందో డయాలిసిస్ గదిలో చూస్తాము. ఒక్క మనిషికి నాలుగు గంటల ఒక్క విడతకే సుమారు 120 లీటర్ల శుద్ధ ద్రవం కావాలి.

మా వెంట ఉన్న గైడు చిన్న పిల్ల, పాతికేళ్ళు ఉంటాయేమో. "చేప నలతగా ఉంటే మేము ముందు చేపను చూడము, నీటిని చూస్తాము. అయినా అప్పటిదాకా ఆగము. నీరు తేటగా ఉన్నంత మాత్రాన మంచిదని కాదు కదా, అందుకే రోజూ పరీక్షిస్తాము" అన్నది. మాటల్లో రాల్ఫ్, నార్టన్‌ల ప్రస్తావన వచ్చింది. మొదట తెచ్చిన ఆ రెండు వేల్ షార్కులూ 2007లో, ఒకటి జనవరిలో, ఒకటి జూన్‌లో చనిపోయాయి. తొట్టెలో పరాన్నజీవుల నివారణకు వాడిన మందు వాటి ఆకలిని దెబ్బతీసి ఉండవచ్చని సంస్థవారే తరువాత అనుమానం వెలిబుచ్చారు. మేలు కోరి వేసిన మందు.

అక్కడ నాకు కాళ్ళు ఆడలేదు. కారణం చెబుతాను, సిగ్గుగానే ఉంది.

నా ఉద్యోగ జీవితంలో సగం శ్రీకాకుళం జిల్లాలో గడిచింది. ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగులను వందలాదిగా చూశాను. ఆ వ్యాధికి మూలం నీరా, ఎండా, మరొకటా అన్నది ఇప్పటికీ తిరుగులేకుండా తేలలేదు. ఆ రోగులలో చాలామంది చెప్పిన మాట ఒక్కటే: "నిన్నటిదాకా బాగానే ఉన్నానండీ." నిజమే చెప్పారు. మూత్రపిండాల శక్తి చాలావరకు తరిగిపోయేదాకా మనిషికి ఏమీ తెలియదు. ఒళ్ళు నొప్పులకు మాత్రలు మింగకండని వారికి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది. అటువంటి నేను, పదవీ విరమణ తరువాత మోకాళ్ళ నొప్పికి రెండేళ్ళపాటు డైక్లోఫెనాక్ వాడాను. పక్కన రక్తపోటు మందు ఉండనే ఉంది. రెండూ కలిస్తే మూత్రపిండాలకు ముప్పు పెరుగుతుందని పాఠం చెప్పినవాణ్ణే. ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా క్రియాటినిన్ చూసుకోలేదు. వైద్యుడికి పరీక్షలెందుకన్న ధీమా కొంత, ఏం తేలుతుందోనన్న భయం కొంత.

ఇంటికి రాగానే చేయించాను. క్రియాటినిన్ 1.6. నా 71 ఏళ్ళ వయసుతో లెక్కకడితే వడపోత శక్తి 46. ఆ కాగితం నా శ్రీమతికి చూపించడానికి రెండు రోజులు పట్టింది. డైక్లోఫెనాక్ ఆపి, మోకాళ్ళకు వ్యాయామం మొదలుపెట్టి, నా శిష్యుడైన ఒక వైద్యుడి ముందు రోగిలా కూర్చున్నాను. మూడు నెలలకు 1.3కు దిగింది. పూర్వస్థితి మాత్రం రాలేదు.

మీలో మధుమేహమో రక్తపోటో ఉన్నవారు, అరవై దాటినవారు, ఇంట్లో కిడ్నీ జబ్బు చరిత్ర ఉన్నవారు, నొప్పి మాత్రలు అలవాటైనవారు ఏడాదికొకసారి రెండు పరీక్షలు చేయించుకోండి: రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. రెండూ ఖరీదైనవి కావు. వాడుతున్న మందును మాత్రం మీ వైద్యుణ్ణి అడగకుండా, నా కథ చదివి ఆపేయవద్దు.

నా ఫలితాలు ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాసుకుంటున్నాను. మా మనుమరాలికి ఆ సంగతి వాళ్ళమ్మ చెప్పింది. ఇప్పుడు ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగేది అదే: "తాతయ్యా, నీ నీళ్ళు చూసుకున్నావా?"