మాత్రల పట్టీలతో అంతరిక్ష నౌక



వరికుంటపాడులోని మా ఇంటి వసారాలో, ఒకప్పుడు నేను రోగులను పరీక్షించిన పాత బల్ల మీద, ఇప్పుడొక అంతరిక్ష నౌక నిలిచి ఉన్నది. దాని పొడవు 60 సెంటీమీటర్లు. దుకాణంలో కొన్న కిట్టు కాదది. పీవీసీ ఫోమ్ షీటు, అట్ట, ఖాళీ మాత్రల పట్టీలు, బాల్‌పెన్ను గొట్టాలు, ఒక చెక్క ముక్క తీసుకొని, కోసి, అతికించి, రుద్ది, రంగు వేసి మొదటి నుంచి చివరి వరకు చేత్తో చేసినది. ఆరోగ్య విషయాలు చదవడానికి వచ్చిన మీకు ఈ బొమ్మల ముచ్చట ఎందుకని అనిపించవచ్చు. నా శరీరంలో కొన్నేళ్లుగా దాగి ఉన్న ఒక వ్యాధిని, వైద్యుణ్ణయిన నేను ఒప్పుకోకముందే, ఈ బొమ్మ బయటపెట్టింది. కాస్త ఓపికతో చదవండి. బొమ్మ కథ ముందు, జబ్బు కథ తరువాత.

గత ఏడాది మే నెలలో పన్నెండేళ్ల మా మనవరాలు బెంగళూరు నుంచి సెలవులకు వచ్చింది. మా మెట్ట ప్రాంతపు ఎండలు మీకు తెలియనివి కావు. పిల్లను బయటికి పోనివ్వలేక ఒక మధ్యాహ్నం ‘ఆదిత్య 369’ చూపించాను. మన నెల్లూరు జిల్లాకు చెందిన సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసిన చిత్రమది. కాలయంత్రం ఎక్కినవారు శ్రీకృష్ణదేవరాయల కాలానికి, ఆ తరువాత 2504వ సంవత్సరానికి వెళతారు. రాయలవారు 1514లో గజపతుల నుంచి గెలుచుకొన్న ఉదయగిరి దుర్గం మాకు పొరుగునే ఉన్నది కనుక సగం కథను మా పిల్ల సొంత ఊరి కథగానే చూసింది. చూసి, “తాతా, మనమూ ఒకటి చేద్దాం” అన్నది.

నేను పీఎస్ఎల్‌వీ నమూనా చేద్దామన్నాను. నా ఉద్యోగకాలమంతా శ్రీహరికోట మా జిల్లాలోనే ఉండేది. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. ఆ మమకారం ఇంకా పోలేదు. ఆమె ఒప్పుకోలేదు. “రాకెట్టు స్కూల్లో అందరూ చేస్తారు తాతా. మనుషులు ఇంకా కట్టనిది చేద్దాం.” ఆ విధంగా కల్పిత నౌక ఖాయమైనది.

ఈ విద్యకు మన వద్ద కూడా పెద్ద వంశమే ఉన్నది. ‘మాయాబజార్’లో మీరు చూసిన ద్వారకా నగరం సుమారు 300 బుల్లి ఇళ్లతో, ఒక్కొక్క ఇంటికి విడిగా దీపం పెట్టి నిర్మించిన నమూనా. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక కోసం 1964లో చేసిన ఎంటర్‌ప్రైజ్ నౌక పొడవు పదకొండు అడుగులకు పైనే. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో ఉన్నది. విద్యుత్ తీగలన్నీ ఎడమ పక్క నుంచి లోపలికి పోయేవి కనుక దాని కుడి పక్కను మాత్రమే పూర్తిగా అలంకరించి, ఆ పక్కనే చిత్రీకరించేవారు. 1977 నాటి ‘స్టార్ వార్స్’ నౌకల నిర్మాతలైతే బజారులో దొరికే యుద్ధ ట్యాంకుల, విమానాల బొమ్మల కిట్లు విప్పి, ఆ ముక్కలను నౌకల ఒంటికి అతికించారు. ఈ చివరి సంగతి చదివాక నాకు ధైర్యం వచ్చింది. ముక్కలకు మా ఇంట కొరతా?

ముందుగా కొలత నిర్ణయించుకోవాలి. మేము ఒకటికి డెబ్బై రెండు పాలు అనుకొన్నాము. ఆ లెక్కన ఆరడుగుల మనిషి రెండున్నర సెంటీమీటర్లు ఉంటాడు. 60 సెంటీమీటర్ల మా నౌక నిజంగా కడితే 43 మీటర్లకు పైగా, అంటే దాదాపు పీఎస్ఎల్‌వీ అంత ఉంటుంది. (నా మాటా కొంత నెగ్గిందన్నమాట.) ఒకసారి కొలత నిర్ణయమైతే ద్వారం, కిటికీ, నిచ్చెన మెట్టు అన్నీ ఆ రెండున్నర సెంటీమీటర్ల మనిషికి తగినట్టు ఉండాలి. ఒక్క కిటికీ పెద్దదైనా నౌక బొమ్మ అయిపోతుంది.

గళ్ల కాగితం మీద పటం గీసి, అట్టతో చేప ముల్లు వంటి అస్థిపంజరం చేసి, దాని మీద ఫోమ్ షీటును చర్మంలాగా కప్పాము. సందుల్లో లప్పం పెట్టి, ఎండాక ఉప్పు కాగితంతో తడిపి రుద్దాము. మాత్రల పట్టీల బుడిపెలు ఇంధన తొట్లయినాయి. క్యాప్సూళ్ల పట్టీలు పెద్దవి గనుక ఇంజనుల దగ్గర పెట్టాము. మా దంపతులిద్దరి బీపీ మాత్రలే నౌకకు సగం కవచం ఇచ్చినవి. ఒక మాట చెప్పాలి. వాడిన సూది, సిరంజి, సెలైను గొట్టం మాత్రం ఒక్కటి కూడా ముట్టలేదు, మీరూ ముట్టవద్దు. వాటి స్థానం ఆసుపత్రి వ్యర్థాల డబ్బా.

ముందుభాగపు కోణం ఫోమ్‌తో కుదరలేదు. ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు మీరు వాడే ఉంటారు. భౌగోళిక గుర్తింపు పొందిన కళ అది. అక్కడి కుర్రవాడొకనికి పటం చూపితే నవ్వి, “చెంచా అయితే కళ్లు మూసుకొని చేస్తా సారూ, ఇదేంది, పిడి లేని బొంగరమా?” అన్నాడు. మరునాటికి చేసి ఇచ్చాడు, వేలితో నిమిరితే ఎక్కడా తగలదు.

అన్నిటికీ బూడిద రంగు ప్రైమరు ఒక పూత వేసిన సాయంత్రం నాకు బాగా గుర్తు. అప్పటి వరకు మాత్రల పట్టీ మాత్రల పట్టీలాగే, పెన్ను గొట్టం పెన్ను గొట్టంలాగే కనిపించింది. ఒకే రంగు పడగానే అన్నీ కలిసి ఒక యంత్రమయినాయి. పిల్ల చప్పట్లు కొట్టింది. ఆ సంబరంలో థిన్నరు సీసా తన్నుకొని పడి గచ్చంతా పారింది. పిల్ల ముక్కు మూసుకొని వీధిలోకి పరుగెత్తి, “ఆ కంపులో ఎట్టా కూర్చున్నావ్ తాతా!” అని అరిచింది.

నాకు ఏ కంపూ రాలేదు.

ఆ రాత్రి ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్లి కాఫీ పొడి, కర్పూరం, ఇంగువ ఒక్కొక్కటిగా వాసన చూశాను. ఇంగువ డబ్బా ముక్కుకు ఆనించినా సుద్దపొడి లాగానే ఉన్నది. 2021లో కోవిడ్ వచ్చి పోయింది కదా, దాని ప్రభావమే అని తీర్పు చెప్పుకొని పడుకొన్నాను. రోగి ఎవరైనా ఈ మాట చెబితే, మరి ఇన్నేళ్లూ వాసన తెలిసేదా అని తప్పక అడిగేవాణ్ణి. నన్ను నేను అడగలేదు.

జూన్‌లో పిల్ల వెళ్లిపోయింది. పని నేను ఒక్కణ్ణే సాగించాను. వృత్తి అలవాటు కొద్దీ నౌకకు కూడా కేసు షీటు రాసేవాణ్ణి. తేదీ, కోసిన పలకలు, పట్టిన కాలం. మేలో గంటకు పన్నెండు పలకలు కోసిన చేయి ఆగస్టులో గంటకు ఐదు కోసింది. ఓపిక తగ్గిందనుకొన్నాను. ఆ నెల చివర ఎడమ పక్కన నౌక పేరు రాయడానికి కూర్చున్నాను. పేరు మా మనవరాలే పెట్టింది, ‘ఉదయగిరి’. సన్నని కుంచెతో రాసి, దూరం జరిగి చూశాను. మొదటి అక్షరం బొటనవేలి గోరంత ఉన్నది. చివరి ‘రి’ బియ్యపు గింజంత. నేను అన్నీ సమానంగా రాశాననే అనుకొన్నాను. లోపలికి పోయి కేసు షీటు తిరగేశాను. ప్రతి పంక్తీ అంతే, కుడివైపు పోయేకొద్దీ చీమల బారు.

వైద్య విద్యార్థిగా చదివిన పాఠమే అది. అక్షరం కుంచించుకొని పోవడం, పని నెమ్మదించడం, వాసన నశించడం. నా కుడి చేతిని ఒడిలో ఉంచి, దానిని పట్టించుకోనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే మాత్రను దొర్లిస్తున్నట్టు కదిలాయి.

ఆ తరువాత ఇంకొక నెల వృథా చేశాను. భయమే కారణం. చివరకు మా ఇంటావిడ నెల్లూరు తీసుకొనిపోయింది. నాకంటే ముప్పై ఏళ్లు చిన్నవాడైన నరాల వైద్యుడు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఆమే జవాబు చెప్పింది. నిద్రలో కేకలు వేసి కాళ్లు విసురుతారా? నాలుగేళ్లుగా. నడిచేటప్పుడు కుడి చేయి ఊగుతుందా? ఊగదు, చెబితే నవ్వేస్తారు. మలబద్ధకం? చాలాకాలంగా. తరువాత ఆయన నా వేళ్లను తాటించమని, చేతిని తెరిచి మూయమని, నడిచి తిరగమని చూసి, “సార్, మీకు చెప్పవలసిన అవసరం లేదనుకుంటాను” అన్నాడు. పార్కిన్సన్ వ్యాధి.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వ్యాధి ఇది. మెదడు లోపల నల్లని మచ్చగా కనిపించే చిన్న భాగంలో డోపమిన్ తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. వణుకే దీని గుర్తని చాలామంది నమ్మకం. అసలు గుర్తు నెమ్మదితనం, కొందరికి వణుకు ఉండనే ఉండదు. ఎప్పుడో 1980ల్లో ఒక పెద్దాయనను కొడుకులు నా దగ్గరకు తీసుకొని వచ్చారు. ముఖంలో కదలిక లేదు, అడుగు పడదు, గొంతు లేదు. వణుకు లేదు కనుక నాకు తట్టలేదు. “వయసు మీద పడింది” అని బలానికి మాత్రలు రాసి పంపాను. ఆయన ముఖం ఈ మధ్య తరచు జ్ఞాపకం వస్తున్నది.

మీరు కంగారు పడకండి. కాఫీ కప్పు ఎత్తినప్పుడు రెండు చేతులూ వణికి, ఒడిలో పెట్టుకొంటే ఆగిపోయే వణుకు చాలావరకు వేరే రకం, అది వంశంలో కూడా వస్తుంది. వాసన పోవడానికి జలుబు, కోవిడ్, వయసు వంటి కారణాలెన్నో ఉన్నాయి. కాని వాసన పోయి, నిద్రలో కలలకు తగినట్టు చేతులు కాళ్లు విసురుతూ, ఒక చేయి నడకలో ఊగకుండా, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంటే, అవన్నీ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తే, వయసని సరిపెట్టుకోక చూపించుకోండి. పాత ఉత్తరం ఒకటి, కొత్త చీటీ ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి, దానికి ఖర్చేమీ లేదు.

మన గుట్టల్లో పెరిగే దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే. కంపవాతానికి ఆయుర్వేదం దానిని వాడుతున్న మాటా నిజమే. అయితే ఏ గింజలో ఎంత ఉన్నదో తెలియదు కనుక సొంతంగా పొడి చేసుకొని మింగవద్దు, ముఖ్యంగా మాత్రలు వాడుతున్నవారు. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనంతో లెవోడోపా మాత్ర సరిగా ఒంటికి పట్టకపోవచ్చు. నేను టిఫినుకు ముప్పావుగంట ముందు వేసుకొంటాను. ఈ మందు వ్యాధిని పోగొట్టదు, చేతిని మాత్రం తిరిగి ఇస్తుంది, కొన్ని గంటలపాటు. రోజూ వేగంగా నడవమన్నారు, నడుస్తున్నాను.

ఇటువంటి పని మొదలుపెట్టే పెద్దలకు రెండు జాగ్రత్తలు. వాసన తెలియని ముక్కు మిమ్మల్ని థిన్నరు ఆవిరి నుంచి, వంటగ్యాసు నుంచి కాపాడదు. నేను ఇప్పుడు కిటికీలు తెరిచి, ఇంటావిడకు చెప్పి మరీ రంగు తీస్తాను. త్వరగా అంటుకొనే జిగురు వేళ్లకు పట్టితే లాగవద్దు, గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టండి. కంట్లో పడితే నీటితో కడుగుతూ ఆసుపత్రికి వెళ్లండి.

సంక్రాంతికి పిల్ల మళ్లీ వచ్చింది. ఎడమ పక్క పేరును చెరిపి సరిగా రాస్తానని ఉప్పు కాగితం తీశాను. చేయి పట్టుకొని ఆపింది. “వద్దు తాతా. నౌక దూరం పోతా ఉన్నట్టు ఉంది, అట్టే ఉంచు.” ఉంచాను. నాకు ఏమైనదో ఆమెకు అప్పటికే తెలుసు. వాళ్ల అమ్మ చెప్పిందట.

కుడి పక్క ఇంకా పేరు లేదు. గీతల మధ్య రాస్తే అక్షరం కుంచించుకోదని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది కనుక, నిన్న పెన్సిలుతో రెండు సమాంతర రేఖలు గీసి పెట్టాను. రేపు ఆరున్నరకు మాత్ర వేసుకొని, ఏడున్నరకు కుంచె పట్టుకొంటాను.