రెంటచింతల ఎండా? విశాఖ ఉక్కా?

భిలాయి దగ్గరి నందినిలో, టీ కొట్టు దగ్గర పంచాయితీ. సున్నపురాయి గనుల్లో చేసి రిటైరైన ఒకాయన, ఇంకో కుర్రాడు. ఇద్దరూ మన తెలుగువాళ్లే.

"ఇక్కడ 45 అంటే ఓ లెక్కా బాబాయ్! మా రెంటచింతల వచ్చి చూడు."

"ఎండదేముందిరా. తుఫాను చూశావా నువ్వు?"

అంతే, కుర్రాడు గప్‌చుప్.

ఉత్తరాంధ్ర నుంచి భిలాయి వచ్చినవాళ్లతో ఇదే చిక్కు. ఎండ గురించి మొదలుపెట్టినా 2014 హుద్‌హుద్ దగ్గరకో, 2018 తిత్లీ దగ్గరకో లాక్కుపోతారు. ఇక కృష్ణా జిల్లా వాళ్లుంటే 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. దాని ముందు ఎవరూ పోటీకి రారు, రాకూడదు కూడా.

నాకు హుద్‌హుద్‌లో తీరం దాటిన తర్వాతి కథే వింత. విశాఖలో చెట్లు పీకి పారేసి, నీరసించి, మన ఛత్తీస్‌గఢ్ మీదుగానే పైకి పోయింది. రెండ్రోజులకి నేపాల్ కొండల్లో మంచై కురిసి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను, హిమాలయాల్లో మంచు!

ఎండ సంగతికొస్తే నా ఓటు విశాఖ ఉక్కపోతకే (నవ్వకండి). ఇక్కడ రోహిణి కార్తెలో, అందులో తొలి తొమ్మిది రోజులైన ఇక్కడివాళ్ల నౌతపాలో కూడా, కిటికీకి కూలర్ బిగించి వట్టివేళ్ల తడకలు తడిపితే గది చల్లబడుతుంది, ఆ వాసనొకటి అదనం. గాలి పొడి కాబట్టి నీరు ఇట్టే ఆవిరవుతుంది. అక్కడ 36కే చెమట ఆరదు. కూలర్ పెడితే ఇంకా జిగట.

మీ ఊరి రికార్డు ఏ ఏడాదిది? ఎండైనా, గాలివానైనా చెప్పండి.

దివిసీమ వాళ్లెవరైనా ఉంటే, మీ పెద్దలు చెప్పింది రాయండి.