కట్లపాము చెప్పిన సాక్ష్యం

పొలం గట్టున కట్లపాము కనబడితే మనవాళ్ళు ముందు కర్ర కోసం వెతుకుతారు. డాక్టర్ లాల్జీ సింగ్ గారు మాత్రం దాని క్రోమోజోముల కోసం వెతికారు. అలాగని ఆయన పట్నంలో పుట్టిన మనిషేమీ కాదు. 1947లో ఉత్తరప్రదేశ్, జౌన్‌పూర్ జిల్లా కల్వారీ అనే పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోముల మీదే పనిచేసి 1971లో పిహెచ్.డి. పుచ్చుకున్నారు.

ఆయన ప్రశ్న చిన్నదే. పిండం ఆడదౌతుందా, మగదౌతుందా అన్నది దేనివల్ల తేలుతుంది? మనలో మగవాడికి ఎక్స్, వై అని రెండు రకాలుంటాయి గదా! కట్లపాములో యిది తారుమారు. ఆడదానికే రెండు రకాలు: జడ్, డబ్ల్యు. తర్వాత ఎడిన్‌బరోలో వుండగా పసుపు, నలుపు పట్టెల కట్లపామునుంచి ఒక డి.ఎన్.ఎ. భాగాన్ని వేరుచేశారు. దాని పేరు బి.కె.ఎం. నాలుగక్షరాల మాటను భజనలో పల్లవిలాగా మళ్ళీ మళ్ళీ అన్నట్టుంటుందది. ఆడపాముల డబ్ల్యులో అది దండిగా వుంది. చిట్టెలుకల వై క్రోమోజోములోనూ కనబడేసరికి యింక తాళంచెవి దొరికినట్టే అనిపించింది.

దొరకలేదు. 1990లో లండన్ పరిశోధకులు పట్టుకున్న ఎస్.ఆర్.వై. జీన్ వేరు.

అయితే ఆ పల్లవి మనుషుల్లోనూ వుంది. ఎక్కడ ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషి మనిషికీ తేడా. అంటే వేలిముద్ర లాంటిదే! ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ 1984లోనే యీ దారి తొక్కారు, నిజమే. కాని లాల్జీ సింగ్ 1987లో హైదరాబాదు సి.సి.ఎం.బి.కి వచ్చి, తన పాము డి.ఎన్.ఎ.తోనే యిక్కడ ఆ పద్ధతిని నిలబెట్టారు. బిడ్డకు తండ్రి యెవరన్న తగాదాల్లో, హత్య కేసుల్లో అది కోర్టు మెట్లెక్కింది. బిడ్డను నాది కాదని వదిలేసిన మగవాడి ముందు ఆడదాని మాటకు విలువెంత వుండేదో పల్లెల్లో పెరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నా మట్టుకు నాకు ఆయన పదవులన్నిటికన్నా యిదే పెద్దదనిపిస్తుంది.

పదవులూ వచ్చాయి. 1998నుంచి 2009దాకా సి.సి.ఎం.బి. డైరెక్టరు. 2011నుంచి 2014దాకా, తాను చదివిన బెనారస్ విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్. ఆ ఉద్యోగానికి ఒక్క రూపాయి జీతం పుచ్చుకున్నారు. 2017లో కన్నుమూశారు.

నేనిప్పుడు ఎమ్మెస్సీ జెనెటిక్స్‌కి అప్లికేషన్ నింపుతున్నాను. ఇంట్లో బి.ఇడి. చెయ్యమంటున్నారు. "పాముల మీద చదివితే ఏం వస్తుందిరా?" అంటారు నాన్న. పెట్టుబడి ఎంత, బస్తాలెన్ని అని చూసుకుని బతికే మనిషి అలా అడగటం న్యాయమే. ఈ కథంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. రూపాయి జీతం దగ్గర మాత్రం ఆపి, "అంతకుముందు ఎంత ఇచ్చేవారట?" అని అడిగారు.